కాసమ్మ మూడో సెట్టు

ఆరు నెలల్లో రెండోసారి విరిగిన పళ్ళ సెట్టును ప్లాస్టిక్ సంచిలో చుట్టుకుని, కాసమ్మ ఆ మధ్యాహ్నం డాక్టరు దగ్గరికి కాకుండా తిన్నగా ల్యాబుకే వచ్చేసింది. వెనకాలే మనవరాలు సస్మిత, భుజాన కాలేజీ బ్యాగుతో, "అమ్మమ్మా, ఇక్కడికి పేషెంట్లు రారంట, డాక్టరే పంపాలంట" అని గొణుగుతూ మెట్లెక్కుతోంది.

ఆ డెంటల్ ల్యాబ్ ఒడిశాలోని బరంపురం బడా బజార్‌లో, గిన్నెల కొట్ల వెనక సందులో, ఒక పాత మేడ మీద ఉంది. డాక్టర్లు నోటి అచ్చులు పంపితే ల్యాబ్ వాళ్ళు పళ్ళు చేసి తిరిగి పంపుతారు. ఎవరి నోట్లోకి ఏ సెట్టు వెళ్ళిందో వాళ్ళకు పేరు తెలుస్తుంది తప్ప మొహం తెలియదు. తొమ్మిదేళ్ళ నుంచి అక్కడ పనిచేస్తున్న దుర్గాభవాని, తను చేసిన పళ్ళు పెట్టుకునే మనిషిని కళ్ళారా చూడటం అదే మొదటిసారి.

"ఎవులు సేసినారు నా పళ్ళు?" అంది కాసమ్మ గుమ్మంలోనే నిలబడి.

దుర్గాభవాని చేతిలోని మైనపు కత్తి పక్కన పెట్టి లేచింది. "నేనే మామ్మా. కాసమ్మంటే నువ్వేనా? మార్కండి ఊరు కదూ?"

ఆ పేరు ఆమెకు బాగా గుర్తు. మొదటి సెట్టు చేసేటప్పుడు డాక్టరు గౌతమ్ చీటీ మీద ఒక వింత కోరిక రాసి పంపాడు. పేషెంటుకు ముందు రెండు పళ్ళ మధ్య సందు కావాలట. ఇంతకు ముందున్న పళ్ళకు అలాగే ఉండేదట, అది లేకపోతే తన మొహం తనది కాదట. అందరూ ముత్యాల్లాంటి వరస కావాలంటారు. సందు అడిగిన మనిషి ఈమె ఒక్కతే. దుర్గాభవాని ఆ సందు కోసం మైనం మీద ఆ రెండు పళ్ళనూ మూడుసార్లు తీసి పేర్చింది.

"నాను డాక్టర్ని తిట్టడానికి రాలేదు, నిన్ను తిట్టడానికీ రాలేదు. ఎందుకిరుగుతన్నాయో సెప్పు, నాను ఎల్లిపోతాను" అంది కాసమ్మ, సంచి బల్ల మీద విప్పుతూ. దౌడలు లోపలికి పీక్కుపోయి, మాటకు మధ్య మధ్య గాలి వస్తోంది. "డాక్టరు బాబు ఏటంటాడంటే, మౌసీ, నువ్వు ముల్లు కొరికినావు అంటాడు. ముల్లు తీసుకోడం నాకు తెలీదేటి? అరవై ఏళ్ళు సేపలే తిన్నాను."

లోపలి గదిలోంచి భీమేశ్వరరావు వచ్చాడు. ల్యాబ్ ఆయనదే. ముప్పై ఏళ్ళకు పైగా ఇదే పని. దుర్గాభవాని పాత్రపూర్ దగ్గరి పల్లె నుంచి ప్లాస్టర్ గిన్నెలు కడిగే పనికి వచ్చినప్పుడు, ఆమె చేతుల నెమ్మది చూసి మైనం మీద పళ్ళు పేర్చడం నేర్పింది ఆయనే. ఇప్పుడు ఆ పనిలో ఆయన కన్నా ఆమెదే పైచేయి. ఆ మాట ఆయన పైకి అనడు గానీ, కష్టమైన కేసు వస్తే మాట్లాడకుండా ఆమె బల్ల మీద పెట్టి వెళ్ళిపోతాడు.

ఆయన విరిగిన ముక్కల వంక ఒకసారి, కాసమ్మ పెదవుల వంక ఒకసారి చూసి, "అడ్డపొగ తాగుతావు కదూ?" అన్నాడు.

చుట్ట నిప్పు కొసను నోటిలోపల పెట్టుకుని కాల్చడం ఆ తీరంలో ఆడవాళ్ళకు పాత అలవాటు. కాసమ్మ ఒక్క క్షణం తడబడింది.

"తాగీదాన్ని బాబూ. పళ్ళూడిపోయినాక మానీసినాను. మూడేళ్ళయింది."

"అందరూ అలాగే అంటారు. ఆ సెగకి రాయైనా పగుల్తాది, పళ్ళెంత" అంటూ ఆయన చెప్పులు వేసుకుని భోజనానికి ఇంటికి వెళ్ళిపోయాడు.

కాసమ్మ మొహం చిన్నబోయింది. తప్పు చేయని మనిషిని నలుగురిలో దొంగా అంటే ఎలా ఉంటుందో అలా ఉంది. సస్మితకు కోపం వచ్చింది. "మా అమ్మమ్మ అబద్ధమాడదక్కా. నిజంగానే మానీసింది. నేను సూస్తన్నాను కదా."

దుర్గాభవాని ముక్కలను భూతద్దం కిందికి తీసుకుంది. విరిగిన చోటు సరే, మిగతా గులాబీరంగు చిగుళ్ళ భాగం సంగతేమిటి? ఒక్కో పన్ను మొదట్లోంచి సన్నటి తెల్ల గీతలు బయలుదేరి, ఒకదాన్నొకటి కోసుకుంటూ, ఎండిన చెరువు మట్టిలా అల్లుకుపోయి ఉన్నాయి. చుట్ట సెగ తగిలితే ఆ చోట ఉబ్బాలి, రంగు మారాలి. ఇక్కడ అదేమీ లేదు. ముల్లు కొరికితే ఒక్కచోటే పగలాలి. ఇది ఒక్కచోట మొదలైన పగులు కాదు. సెట్టంతా లోపలి నుంచే వదులైపోయినట్టుంది.

"మామ్మా, ఇవి నా దగ్గర ఉంచి ఎల్లు. మంగళవారం రా."

"కొత్తవి సేత్తావా?"

"సేస్తాను. ముందు ఎందుకిరిగిందో తెలీకుండా సేస్తే మళ్ళీ అదే అవుతాది."

కాసమ్మ తల ఊపింది. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది. "తిండికి కాదమ్మా. గంజి తాగైనా బతికీగలను. సేపలు అమ్మాల నాను. గొంతెత్తి అరిస్తే గాలొస్తాది గానీ మాట రాదు. మాట రాకపోతే ఎవులాగుతారు?"

వాళ్ళు వెళ్ళిపోయాక దుర్గాభవాని గోడ అలమర ముందు నిలబడింది. అందులో పాత ప్లాస్టర్ అచ్చులు వరసగా ఉంటాయి, ఒక్కోదాని అడుగున పెన్సిలుతో పేరు. బాగు చేయమని తిరిగి వచ్చిన వాటిని ఆమె ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టింది. వానల తర్వాత ఇప్పటి దాకా ఆరు. ఒకాయన సెట్టు పెట్టుకుని పడుకున్నాడన్నారు. ఒకావిడ సింకులో జారవిడిచిందన్నారు. ఇంకొకాయన వక్క నమిలాడన్నారు. ప్రతిసారీ నేరం నోటిదే. వానలకు ముందు ఏడాది మొత్తానికి తిరిగి వచ్చింది ఒక్కటి.

వానల తర్వాత ఏం మారింది? ప్లాస్టర్ అదే. చిగుళ్ళు చేసే గులాబీరంగు పౌడరు అదే డబ్బా. ఉడకబెట్టే ఇత్తడి అచ్చుడబ్బాలు ఆమె రాక ముందు నుంచీ ఉన్నవే.

లిక్విడ్ మారింది.

పౌడర్లో కలిపి ముద్ద చేసే ఆ ఘాటు లిక్విడ్ ఇదివరకు గోధుమరంగు గాజు సీసాల్లో, సీలుతో వచ్చేది. ఆ సీసాలు సమయానికి దొరకడం లేదని భీమేశ్వరరావు వానల్లో ఒక ఏజెంటు దగ్గర తెల్ల క్యాను తీసుకున్నాడు. దాని మీద లేబులు లేదు. "వాసన అదే, పని అదే. సైన్‌బోర్డుల వాళ్ళు కూడా ఇదే వాడతారు" అన్నాడు. అప్పుడు ఆమె కూడా అనుమానించలేదు. ముద్ద బాగానే వచ్చేది, వేలికి అంటకుండా దారాల్లా సాగేది, ఉడికాక మెరిసేది. కాసమ్మ రెండు సెట్లూ ఆ క్యానులోంచి వచ్చినవే.

సింకు కింద వెతికితే ఒక పాత గోధుమరంగు సీసా దొరికింది. అడుగున రెండు వేళ్ళ మందం మిగిలి ఉంది. లేబులు మీద ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటూ చదివింది. మొదటి పేరు ఆమెకు తెలుసు, క్యాను ఏజెంటు కూడా ఆ పేరే చెప్పాడు. దాని కింద చిన్న అక్షరాల్లో ఇంకో పేరుంది: ఇథిలీన్ గ్లైకాల్ డైమెథాక్రిలేట్. పక్కన, క్రాస్‌లింకింగ్ ఏజెంట్ అని ఉంది. ఇన్నేళ్ళలో ఆ సీసాలు వందలు ఖాళీ చేసింది. ఆ వరస ఎప్పుడూ చదవలేదు.

మంగళవారం కాసమ్మ గంప దించుకుని, సస్మిత కాలేజీ అయ్యాక, ఇద్దరూ వచ్చారు. సస్మిత కెమిస్ట్రీ చదువుతోందని తెలిసి దుర్గాభవాని సీసా ఆ అమ్మాయి చేతికిచ్చింది. "ఈ రెండో పేరేటమ్మా?"

సస్మిత చదివి, కాసేపు ఫోనులో వెతికి, ఉత్సాహంగా తలెత్తింది. "అక్కా, మీరు పౌడరు, లిక్విడు కలిపి ఉడకబెడితే ఏటవుతాది? లిక్విడ్లో ఉన్న బుడ్డ బుడ్డ అణువులన్నీ ఒకదానికొకటి తగులుకుని పొడుగు దారాలైపోతాయి. అదే పాలిమర్. గట్టిగానే ఉంటాది. కానీ ఆ దారాలు దేనికది విడివిడిగా పడుంటాయి. తడిసి ఆరి, తడిసి ఆరి, నోట్లో వంగి వంగి, కొన్నాళ్ళకి ఒకదాని మీంచి ఇంకోటి జారతాయి. అప్పుడే ఈ తెల్ల గీతలు."

"మరి ఈ రెండోదో?"

"దీనికి రెండు పక్కలా పట్టు ఉంటాది. ఒక సివర ఈ దారంలో కలుస్తాది, ఇంకో సివర పక్క దారంలో. దారాలన్నీ ఒకదాన్నొకటి ఇడిసిపెట్టకుండా కట్టీస్తాది. కొంచెమే పడతాది, కానీ అది లేకపోతే..."

"ముడెయ్యని వల" అంది కాసమ్మ, ఏదో అందరికీ తెలిసిన సంగతి చెప్పినట్టు. "నూలు ఎంత మంచిదైతే మాత్రం, ముడి లేకపోతే సేపాగుతాదేటి?"

సస్మిత నవ్వి అమ్మమ్మ భుజం మీద చెయ్యి వేసింది. "అదే అమ్మమ్మా. మా మేడమ్ అరగంట సెప్పినా ఇంత బాగా రాలేదు."

దుర్గాభవాని నవ్వలేదు. ఆమె మనసులో లెక్క వేరే నడుస్తోంది. వానల నుంచి ఆ క్యానుతో చేసిన సెట్లు ఎన్ని? ముప్పై నాలుగు. తిరిగి వచ్చినవి ఆరు. మిగతా ఇరవై ఎనిమిది ఎవరెవరి నోళ్ళలోనో ఉన్నాయి.

అయినా మాస్టారికి మాటతో చెబితే వినడు. మర్నాడు పొద్దున్నే వచ్చి, ఒకే అచ్చుడబ్బాలో సన్న పుల్లల ఆకారంలో రెండు గాడులు తీసింది. ఒకదాంట్లో పాత సీసా లిక్విడ్‌తో కలిపిన ముద్ద, ఇంకోదాంట్లో క్యానుది. పౌడరు ఒకటే, నీళ్ళు ఒకటే, సెగ ఒకటే. నెమ్మదిగా ఉడికించి, తనంతట తానే చల్లారే దాకా ఆగి, రెండు పుల్లలు బయటికి తీసి సమానంగా అరగదీసింది. పక్కపక్కన పెడితే కవల పిల్లల్లా ఉన్నాయి. గుర్తు కోసం సీసా పుల్ల చివర చిన్న గంటు పెట్టింది.

భీమేశ్వరరావు వచ్చి కూర్చున్నాక, ఆయన ముందు రెండు పుల్లలనూ కొంచెం వంచి బిగించి, దూదిని స్పిరిట్‌లో ముంచి రెండింటి మీదా ఒకేలా రాసింది.

"ఏంటమ్మా ఈ ఆటలు?"

"ఒక్క అయిదు నిమిషాలు మాస్టారూ."

అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. గంటు లేని పుల్ల వంపు మీద ముందు ఒక తెల్ల వెంట్రుక లాంటి గీత, దాని పక్కన ఇంకోటి, చూస్తుండగానే పుల్లంతా మంచు పట్టినట్టు తెల్లబడింది. గంటు ఉన్న పుల్ల ఎలా ఉన్నది అలాగే ఉంది. ఆయన అద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"ఇందులో ఏది ఏది?"

చెప్పింది. సీసా లేబులు చూపించింది. అలమరలోని ఆరు అచ్చులు చూపించింది.

ఆయన మొహం ఎర్రబడింది. "ముప్పై ఏళ్ళు సేసినాను ఈ పని. నాకు నువ్వు పరీక్ష పెడతావా?" అని లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. కింద సందులో గిన్నెలు దించుతున్న చప్పుడు. కొంతసేపటికి తిరిగి వచ్చి, దుర్గాభవాని చేతిలోంచి దూది తీసుకుని, గంటు ఉన్న పుల్లను తనే ఇంకా గట్టిగా వంచి, స్పిరిట్ పట్టించి, చూస్తూ కూర్చున్నాడు. దానికేమీ కాలేదు. రెండో పుల్లను వేళ్ళ మధ్య కొద్దిగా నొక్కగానే పుటుక్కున విరిగింది.

ఆ ముక్కలు చేతిలోనే పట్టుకుని అన్నాడు. "సరే. క్యాను ఆపేద్దాం. సీసాలు విశాఖ నుంచి తెప్పిస్తాను. ఆ ముసలమ్మకి కొత్తది సేసిచ్చేద్దాం. కానీ ఈ సంగతి ఈ గది దాటకూడదు."

"మరి మిగతా ఇరవై ఎనిమిది?"

"ఇరిగినప్పుడు వస్తాయి. అప్పుడు సూద్దాం."

ఈయనకు ఎదురు చెప్పడం దుర్గాభవానికి అలవాటు లేదు. తిండి పెట్టిన చెయ్యి, విద్య నేర్పిన చెయ్యి. అయినా ఆమెకు కాసమ్మ మొహమే కనిపించింది, అడ్డపొగ అన్నప్పుడు చిన్నబోయిన ఆ మొహం.

"మాస్టారూ, ఇరిగినప్పుడు అంటే తింటా తింటా ఇరుగుతాది. ముక్క గొంతులోకి పోతే? అదీ కాకపోతే, మళ్ళీ డాక్టరు తిడతాడు, నువ్వు వక్క నమిలినావు, నువ్వు సుట్ట తాగినావు అని. ఆల్లు నమ్మేస్తారు కూడా. మనం సేసిన తప్పుకి ముసలోల్లు సిగ్గుపడతన్నారు. నేనైతే ఆ పళ్ళు పేర్చిన సేత్తో ఊరుకోలేను. మీరు సెప్పకపోతే డాక్టరుగారికి నేనే సెప్తాను. ఆ తర్వాత నన్ను రావొద్దంటే రాను."

ఆయన ఆమె వైపు చూడలేదు. విరిగిన పుల్ల రెండు ముక్కలనూ కలిపి పట్టుకుని, అతుకుతుందేమో అన్నట్టు నొక్కుతున్నాడు. తర్వాత జేబులోంచి ఫోను తీశాడు. తనే స్పీకరు పెట్టాడు.

"డాక్టరుగారూ, భీమేశ్వరరావుని. మార్కండి కాసమ్మ కేసు... తప్పు ఆవిడది కాదండీ. మాది. నాది." ఒడియాలో అన్నాడు, మామూలుగా బల్ల గుద్ది మాట్లాడే మనిషి, ఒక్కో మాటా ఏరుకుంటూ.

అవతల గౌతమ్. కుర్ర డాక్టరు, క్లినిక్ పెట్టి రెండేళ్ళు. అరుస్తాడనుకున్నారు. కానీ, "ఆమెను నేను మూడుసార్లు కోప్పడ్డాను" అన్నాడు మెల్లగా. ఆ తర్వాత, ఎవరెవరి సెట్లో జాబితా పంపమన్నాడు, తన పేషెంట్లకు తనే ఫోను చేస్తానన్నాడు, ల్యాబుకు పని పంపే మిగతా ఇద్దరు డాక్టర్లకూ చెప్పే బాధ్యత తీసుకున్నాడు. ఒక డాక్టరు ఆ రోజు నుంచి ల్యాబుకు పని పంపడం మానేశాడు. రెండో ఆయన రెండు తిట్లు తిట్టి, మానలేదు. భీమేశ్వరరావు రెండింటికీ తల వంచాడు.

విశాఖ నుంచి పార్శిల్ వచ్చిన రోజు, ఆయన సీసా సీలు తనే తీసి, లేబులు చివరి వరస దాకా చదివి, దుర్గాభవాని బల్ల మీద పెట్టాడు. కాసమ్మ మూడో సెట్టు ఆమె మొదలుపెట్టింది. సందు ఈసారి ఒక్కసారికే కుదిరింది.

పళ్ళు క్లినిక్కుకు పంపి ఊరుకోవచ్చు. కానీ భీమేశ్వరరావు తనూ వస్తానన్నాడు. ఆదివారం ఆయన, దుర్గాభవాని, గౌతమ్, ముగ్గురూ డాక్టరు కారులోనే సముద్రం ఒడ్డున ఉన్న మార్కండి వెళ్ళారు. పడవలు ఒడ్డుకు లాగి ఉన్నాయి. ఇళ్ళ ముందు చేపలు ఆరబెట్టిన వాసన. కాసమ్మ వీళ్ళను చూసి కంగారుపడి, ప్లాస్టిక్ కుర్చీలు పక్కింట్లోంచి తెప్పించింది. గౌతమ్ అక్కడే అరుగు మీద కూర్చుని సెట్టు పెట్టి, నొక్కి చూసి, ఒక చోట కొంచెం అరగదీసి మళ్ళీ పెట్టాడు.

కాసమ్మ నాలుకతో లోపల తడుముకుంది. పెదవులు మూసింది, తెరిచింది. దౌడలు నిండి, పదేళ్ళు వెనక్కి వెళ్ళినట్టుంది మొహం.

"అమ్మా," అన్నాడు భీమేశ్వరరావు, లేచి నిలబడి. "ఆవేళ నిన్ను అడ్డపొగ అన్నాను. నా సరుకులో లోపం పెట్టుకుని నిన్నన్నాను. మనసులో పెట్టుకోకు."

కాసమ్మ ఆయన వంక తేరిపార చూసింది. వాకిట్లో చేరిన ఇరుగుపొరుగు ఆడవాళ్ళు కూడా విన్నారు, అది ఆమె గమనించింది.

"అయితే బాబూ, మళ్ళీ కాల్సొచ్చా?"

"మౌసీ!" అన్నాడు గౌతమ్.

అందరూ ఒక్కసారి నవ్వారు. కాసమ్మ కూడా నవ్వింది, ముందు పళ్ళ సందు కనిపించేలా. పక్కింటావిడ, "ఓలమ్మ, మన కాసమ్మే!" అంది. సస్మిత లోపలి నుంచి టీ గ్లాసులు తెస్తూ, వచ్చే ఏడాది తను ఈ పాలిమర్ల మీదే ప్రాజెక్టు చేస్తానని, ఆ విరిగిన పుల్లలు తనకు ఇవ్వమని దుర్గాభవానిని అడిగింది. కాలేజీలో మేడమ్‌తో అప్పుడే మాట్లాడేసిందట.

తిరుగు దారిలో కారు మలుపు తిరుగుతుండగా దుర్గాభవాని ఫోను మోగింది. జాబితాలోని పదకొండో పేరు, పాత్రపూర్ కూర్మారావు. రైతు. డాక్టర్లు చెప్పినా రాని వాళ్ళకు రెండు రోజుల నుంచి ఆమే చేస్తోంది; అప్పుడు ఎత్తని మనిషి, ఇప్పుడు తనే చేశాడు.

"ఏటమ్మా, పళ్ళు తెమ్మంతన్నారంట? నాయి ఇరగలేదు. సెరుకు కూడా తింతన్నాను."

"ఇరగకముందే రండి బాబూ. కొత్తవి సేసిస్తాం. డబ్బులేం అక్కర్లేదు."

"బాగున్నవాటిని మార్సడమేటి? ఇలగ నేనెక్కడా వినలేదు."

"నేనూ వినలేదు," అంది దుర్గాభవాని. "అవి పేర్చింది నేనే బాబూ. అవెందుకు ఇరుగుతాయో, ఇప్పుడు సేసేవి ఎందుకిరగవో మీ ముందే పెట్టి సూపిస్తాను. నమ్మకం కుదిరితేనే మార్చుకోండి."

అవతల ఎవరినో ఏదో అడుగుతున్నట్టు వినిపించింది.

"గురువారం నాకు బరంపురంలో పనుంది," అన్నాడు కూర్మారావు. "ఎన్ని గంటలకి తెరుస్తారు?"